‘ఇబ్బంది లేదు’ అని రాసిన చేయి

ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో నేను నింపిన ఫారాలు గోనె సంచుల్లో పట్టవు. వాటిలో ఒక్కటే నాకు అక్షరం అక్షరం గుర్తుంది. అందులో నేను రాసిన అసలు మాటలు రెండే: ఇబ్బంది లేదు.

ఒకప్పుడు నా దగ్గర పనిచేసిన టీచర్లు నలుగురు ఈ ఏడు ప్రధానోపాధ్యాయులయ్యారు. మాకేమైనా చెప్పండి సార్ అని అడిగారు. టైంటేబుల్ వేయడం, తనిఖీకి సిద్ధం కావడం, సెలవుల లెక్క చూడడం వాళ్లకు నాకంటే బాగా వచ్చు. నేను చెప్పగలిగింది ఆ రెండు మాటల గురించే. అది చెప్పాలంటే యాదమ్మ గురించి చెప్పాలి. ఆమె గురించి చెబుతూ నన్ను నేను దాచుకోవడం కుదరదు. దాచుకోను.

బడి

మా నాన్న శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి రైల్వే గుమస్తాగా సికింద్రాబాద్ వచ్చాడు. నేను ఒకటో తరగతి నుంచీ ఇక్కడే చదివాను, ఇక్కడే టీచరునయ్యాను. నా చివరి బడి చిలకలగూడకీ బన్సీలాల్‌పేట్‌కీ మధ్య ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. పేరు రాయను. అక్కడివాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది, మిగతావాళ్లకు అక్కర్లేదు.

ఊరి పడమటి వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. అమీర్‌పేటలో గోడ కనపడకుండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు. బేగంపేట మీదుగా వెళ్లే కంపెనీ బస్సుల్లో మెడలో గుర్తింపు కార్డుల పట్టీలు వేసుకున్న పిల్లలు. లెక్కలు వచ్చిన కుర్రకారంతా అటు పోతోంది. మా బడిలో లెక్కల మాస్టారు రిటైరయ్యాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. పోస్టు ఉంది, మనిషి లేడు. ఉన్న టీచర్లమే వంతులు వేసుకుని లెక్కలు చెప్పేవాళ్లం. నా సబ్జెక్టు జీవశాస్త్రం. పదో తరగతికి నేను త్రికోణమితి చెబుతుంటే ముందు బెంచీ పిల్లలు నన్ను జాలిగా చూసేవారు.

ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు మాకు పది కంప్యూటర్లు ఇచ్చి, ఫొటోలు తీయించుకుని వెళ్లారు. ఆ గదికి కరెంటు లైను లేదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నేను బడిలో ఉన్నంత కాలం ఆ కంప్యూటర్లు దుప్పట్లు కప్పుకుని పడుకున్నాయి.

నేనూ చెప్పలేదు అన్నాను. ఆ అలవాటు ఎక్కడిదో కూడా చెప్పాలి. ఉద్యోగంలో నా మొదటి హెడ్మాస్టరు వెంకటాచారి గారు. గంట కొట్టే మనిషి కంటే ముందు బడికి వచ్చేవారు. సుద్దముక్కలు అయిపోతే సొంత జేబులోంచి తెచ్చేవారు. పిల్లవాడు మూడు రోజులు రాకపోతే సైకిలేసుకుని వాడి ఇంటికి వెళ్లేవారు. అంతటి మనిషి ఒకసారి, కప్పు కారుతోందని నేను రాసిన ఉత్తరం చదివి చింపేశారు. “కాగితం మీద కష్టం పెట్టకయ్యా. పైన కూర్చున్నవాడికి కష్టం కనపడదు, రాసినవాడు కనపడతాడు” అన్నారు. ఆయన దగ్గర నేర్చుకోవలసిన మంచి ఎంతో ఉంది. నేను మాత్రం ఆ ఒక్క మాటనే గట్టిగా పట్టుకున్నాను. సుద్దముక్కలు కొనడం కంటే నోరు మూసుకోవడం సులువు.

బజ్జీల బండి

తల్లిదండ్రుల సమావేశం పెట్టాలని ఉత్తర్వు వస్తే పెట్టాను. ఇరవై మంది దాకా తల్లులు వచ్చారు. ఇళ్లలో పనిచేసేవాళ్లు, కట్టడాల దగ్గర ఇటుకలు మోసేవాళ్లు, స్టేషన్ దగ్గర పూలమ్మేవాళ్లు. లెక్కల టీచరు లేరనీ, మీరంతా కలిసి ఏమైనా ఇవ్వగలిగితే ప్రైవేటుగా ఒకరిని పెట్టుకోవచ్చనీ అన్నాను. ఆ మాట అనకూడదు. ప్రభుత్వం ఇవ్వవలసిన టీచరును ఇటుకలు మోసే మనిషిని అడిగాను. అప్పుడు నాకలా తోచలేదు.

వెనక నిలబడిన ఒకామె ముందుకొచ్చింది. స్టేషన్ దగ్గర టిఫిన్ సెంటర్లో పిండి రుబ్బే యాదమ్మ. చిన్న కూతురు స్వప్న మా దగ్గర తొమ్మిదో తరగతి.

“పైసలు లెవ్వు సారూ. చేతులైతే ఉన్నయి” అంది. “నా పెద్ద బిడ్డ లెక్కలల్ల తప్పింది. ఇప్పుడు జనరల్ బజార్ల చీరెల దుకాణంల పొద్దుందాకా చీరెలు మడతపెడ్తది. చిన్నదానికి సుత గట్లనే అయితదా?”

ఆమె మిగతా తల్లుల వైపు తిరిగి మాట్లాడడం మొదలుపెట్టింది. గంట తర్వాత వాళ్లు లేచి వెళ్లేటప్పటికి అంతా తేలిపోయింది. ఆమె పనిచేసే టిఫిన్ సెంటర్ యజమానికి ఆదివారం ఖాళీగా ఉండే తోపుడు బండి ఒకటుంది. దాని మీద ప్రతి ఆదివారం పొద్దున మిర్చి బజ్జీ, సర్వపిండి. వారానికి ముగ్గురు తల్లుల వంతు. వంతు నాడు రాలేకపోతే తోడికోడలినో అక్కనో పంపాలి. ఎవరినీ పంపకపోతే తర్వాత రెండు ఆదివారాలు రావాలి. నేను ముప్పై మంది టీచర్లతో ఎన్నడూ అమలు చేయలేకపోయిన క్రమశిక్షణ అది.

రైల్వే క్వార్టర్ల మూల దగ్గర బండి పెట్టారు. రెండో ఆదివారం నేనూ వెళ్లి చూశాను. పొయ్యి దగ్గర ఒకరు, పిండి దగ్గర ఒకరు, ఇవ్వడానికి ఒకరు. యాదమ్మ వంతు కాకపోయినా పక్కన నిలబడి మిరపకాయల గింజలు తీస్తోంది. మెడలో కంపెనీ పట్టీ ఉన్న ఒక కుర్రాడు బజ్జీలు తిని పెద్ద నోటిచ్చి, చిల్లర వద్దని నడిచిపోయాడు. యాదమ్మ చిల్లర పట్టుకుని అతని వెంట రోడ్డు దాటి వెళ్లి చేతిలో పెట్టి వచ్చింది.

ఎందుకమ్మా, మంచి మనసుతోనే ఇచ్చాడు కదా అన్నాను.

“దానమైతే ఒక్కసారి ఇస్తడు సారూ. ఆకలి వారం వారం అయితది. ఇట్లయితే మల్ల వస్తడు” అంది.

ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు. తర్వాత స్నేహితులను తీసుకొచ్చాడు. చందాలు ఎలా పోగు చేయాలో చెప్పే శిక్షణ తరగతులకు తర్వాత కాలంలో నన్ను చాలాసార్లు పంపారు. అక్కడ ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

బండికి ఒక అట్టముక్క వేలాడుతోంది. ఎవరో పిల్ల గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘మా బడిలో లెక్కల టీచర్ లేరు. ఈ బజ్జీలు టీచర్ జీతం కోసం.’

ఆ దారిన మా నాన్నతో పనిచేసినవాళ్లు, నాకు తెలిసినవాళ్లు వెళుతుంటారు. నాకు తల తీసేసినట్టయింది. ఆ అట్ట తీసేయమని యాదమ్మను అడిగాను. బజ్జీలు అమ్ముకోండి, బడి సంగతి రోడ్డు మీద ఎందుకు అన్నాను. ఆమె అవతలి వాళ్లకు వినపడేలా, “తీయుండ్రే. సారుకు షరమ్ అయితుందంట” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అట్ట తీసేశారు.

ఆ డబ్బుతో సుహాసిని వచ్చింది. ఎమ్మెస్సీ లెక్కలు చదివి, అమీర్‌పేటలో సాయంత్రాలు కంప్యూటర్ కోర్సు చేస్తున్న అమ్మాయి. పొద్దుటి పూట రెండు తరగతులకు లెక్కలు చెప్పేది. ఒక లెక్కను మూడు రకాలుగా చెప్పి, ఏది తేలికో పిల్లలనే తేల్చమనేది. నెల తిరిగేసరికి ఆ గదిలోంచి పిల్లలు ఒకరితో ఒకరు వాదించుకునే చప్పుడు రావడం మొదలైంది. నా కెరీర్‌లో నేను విన్న మంచి చప్పుళ్లలో అదొకటి.

నేను నింపిన ఫారం

మరుసటి జూలైలో ఆ ఫారం వచ్చింది. ఏ బడిలో ఎన్ని పోస్టులు, ఎన్ని ఖాళీలు, వాటిని ఎలా సర్దాలి అన్నది తేల్చడానికి జిల్లా కార్యాలయం పంపింది. మూడో పేజీలో ఒక ప్రశ్న: ఖాళీల వల్ల బోధనకు ఇబ్బంది ఉన్నదా? ఉంటే వివరించండి. దాని కింద నాలుగు గీతలు ఖాళీగా ఉన్నాయి.

నేను రాసింది ఇది: ‘ఇబ్బంది లేదు. తల్లిదండ్రుల సహకారంతో గణిత బోధన చక్కగా సాగుతున్నది.’

ఎందుకు అలా రాశానని చాలా ఏళ్లు నన్ను నేను అడుగుతూ వచ్చాను. వెంకటాచారి గారి మాట ఒక కారణం. కానీ అది సగమే. పంద్రాగస్టుకు జిల్లాలో కొందరు హెడ్మాస్టర్లకు మెచ్చుకోలు పత్రం ఇస్తారని ఆఫీసులో ఎవరో అన్నారు. ‘తల్లిదండ్రుల సహకారం’ అన్న మాట అప్పట్లో పైవాళ్లకు చాలా ఇష్టం. తల్లులు నూనె పొయ్యి ముందు నిలబడి సంపాదించినదాన్ని నా సమర్థతగా ఆ గీత మీద పెట్టాను. పత్రం వచ్చింది. ఫ్రేము కట్టించి నా గదిలో తగిలించాను.

సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. బోధనకు ఇబ్బంది లేని ఖాళీలను అవసరమున్న చోటికి మారుస్తున్నామని. మా లెక్కల పోస్టు మరో బడికి వెళ్లిపోయింది. ఇక మా బడికి లెక్కల టీచరు రావలసిన అవసరమే లేదని ప్రభుత్వం దృష్టిలో తేలిపోయింది. తేల్చినవాళ్లను తప్పుపట్టలేను. నా మాట నమ్మారు, అంతే.

ఆ కాగితం మడిచి సొరుగులో, హాజరు పట్టీల కింద పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. సుహాసిని ఉంది కదా, తరగతి నడుస్తోంది కదా అనుకున్నాను.

దసరా సెలవుల తర్వాత సుహాసిని నా గదికి వచ్చింది. మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చిందట. రెండు వారాల ముందే చెబుతున్నానంది. ఆమె తప్పేమీ లేదు. తల్లులు ఇవ్వగలిగిన జీతం ఆమె గది అద్దెకూ బస్సుకూ సరిపోయేది, అంతే. కళ్లు తుడుచుకుంటూ, “గవర్నమెంట్ టీచర్ వచ్చేస్తారు కదా సార్. పోస్టు ఉందన్నారు. లేకపోతే నాకు వెళ్లబుద్ధి అయ్యేది కాదు” అంది. నేను తల ఊపాను. సంతోషంగా వెళ్లమని దీవించాను.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు ఐదు నెలలు. స్వప్న ఇప్పుడు పదో తరగతి. అంత తక్కువ జీతానికి మధ్యలో వచ్చే మనిషి కోసం తల్లులు తిరగని చోటు లేదు. దొరకలేదు. రెండు వారాలు చూసి యాదమ్మ బడికి వచ్చి, సర్కారు టీచరు ఎప్పుడొస్తరు సారూ అని అడిగింది. పోస్టు తీసేశారమ్మా, పైవాళ్లు అన్నాను. ఎందుకు తీశారని ఆమె అడిగింది. తెలియదు అన్నాను.

కార్యాలయం ముందు

వాళ్లు ఏం చేయబోతున్నారో నాకు చెప్పలేదు. ఒక సోమవారం పదకొండు గంటలకు జిల్లా కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. మీ బడి తల్లులు ఇక్కడున్నారు, వెంటనే రండి అని.

వెళ్లి చూస్తే గేటు పక్కన పొయ్యి, మూకుడు, పిండి గిన్నె. ఆటోలో వేసుకొచ్చారట. ఎనిమిది మంది తల్లులు ఆ రోజు కూలి మానుకుని వచ్చారు. నినాదాలు లేవు. మామూలుగా ఆదివారం బండి దగ్గర చేసినట్టే బజ్జీలు వేసి అమ్ముతున్నారు. నేను తీయించిన మాటలు కొత్త అట్ట మీద ఇంకా పెద్ద అక్షరాలతో ఉన్నాయి. గేటు దగ్గరి కానిస్టేబుల్ అభ్యంతరం పెడితే, “అడుక్కుంటలేం సారూ, అమ్ముకుంటున్నం. మీరు సుత రెండు తినుండ్రి” అని అతనికీ ఒక పొట్లం అమ్మారట. గుమస్తాలు కిందికి వచ్చి కొనుక్కుని, అట్ట చదివి, పొట్లం పట్టుకుని పైకి వెళుతున్నారు. అలా ఆ అట్ట మీది మాట మధ్యాహ్నంలోపు మూడో అంతస్తుకు చేరింది. నాలాంటివాడు ఒక ఫైలును మూడో అంతస్తుకు చేర్చడానికి మూడు నెలలు పట్టేది.

జిల్లా విద్యాధికారిణి యాదమ్మనూ నన్నూ లోపలికి పిలిచింది. కూర్చోమంది. యాదమ్మ నిలబడే ఉంది. చేతులకు పిండి అలాగే ఉంది. ఆమె చెప్పిందంతా అధికారిణి ఓపిగ్గా విని, ఫైలు తెప్పించి, ఒక పేజీ నా ముందు పెట్టింది.

“హెడ్మాస్టర్ గారూ, ఇది మీ రైటింగే కదా?”

అవునన్నాను.

“ఇక్కడ ఇబ్బంది లేదని ఉంది. ఈమె ఉందంటున్నారు. నేనేది నమ్మాలి?”

అదీ సమయం. తప్పు నాది మేడమ్ అని మూడు మాటలంటే సరిపోయేది. ఆ మూడు మాటలూ నా నోటికి రాలేదు. వచ్చినవి ఇవి: “అప్పటికి వీళ్లే టీచర్‌ను ఏర్పాటు చేసుకున్నారు మేడమ్. ఇబ్బంది లేదని వీళ్లే అన్నారు. అందుకని అలా రాశాను.”

యాదమ్మకు చదవడం రాదు. ఆ కాగితంలో ఏముందో ఆమెకు అప్పుడే తెలిసింది. పోస్టు ఎందుకు పోయిందో కూడా అప్పుడే తెలిసింది. ఆమె నన్ను చూడలేదు. కాగితాన్నే చూస్తూ నిలబడింది. నన్ను అక్కడే కడిగేయవచ్చు. ఏడుగురు సాక్షులు కిందే ఉన్నారు.

“సారు గట్ల అంటుండంటే గట్లనే అయ్యుంటది మేడమ్” అంది మెల్లగా. “ఇప్పుడైతే పిల్లలకు తక్లీఫ్ ఉంది. గా మాట మాత్రం నిజం.”

అధికారిణి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నోటిమాట మీద ఉత్తర్వు మార్చలేననీ, ఫైలులో కాగితం ఒకటుంది కాబట్టి దాన్ని కొట్టేసే కాగితం మరొకటి కావాలనీ అంది. అది ఎవరు రాయాలో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

కిందికి వచ్చేసరికి మిగతా తల్లులు గిన్నెలు సర్దుతున్నారు. పంతొమ్మిదేళ్ల సర్వీసున్న మనిషిని యాదమ్మ అధికారిణి ముందు కాపాడింది. ఇప్పుడు పొయ్యి చల్లారిందో లేదో చేత్తో చూస్తూ, నా ఒక్కడికే వినపడేలా మాట్లాడింది.

“సారూ, మీ ఇజ్జత్ పోవద్దని ఆడ నోరు మూస్కున్న. జెర ఆలోచన జేయుండ్రి. మేం ఏడాది సంది నూనెల చేతులు గాల్చుకున్నది మీ ఇజ్జత్ కోసమైతే గాదు.”

అంతే. ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

ఉత్తరం

ఆ సాయంత్రం మా ఆవిడకు జరిగింది చెప్పాను. నేను కొంత మెత్తగా చెప్పాను. ఆమె గట్టిగానే విన్నది. మా ఆవిడది విజయనగరం వైపు. ఎన్నేళ్లు సికింద్రాబాద్‌లో ఉన్నా కోపం వస్తే ఆ యాసలోకి వెళ్లిపోతుంది.

“ఆళ్లు బజ్జీలేసి పిల్లలకి లెక్కలు సెప్పించేరు. మీరు ఒక్క ముక్క నిజం రాయలేకపోనారా? ఏటండీ, ఆ గోడ మీద కాయితం కోసవా?”

మెమో ఇస్తారు, ఇంక్రిమెంటు ఆగొచ్చు అన్నాను. ఆగితే ఆగనీండి, మనం బజ్జీలేసుకుందారి అంది. ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వాక నాకు కొంత ధైర్యం వచ్చింది.

మర్నాడు పొద్దున బడి మొదలవక ముందే ఉత్తరం రాశాను. జూలైలో నేనిచ్చిన సమాచారం తప్పు. గణిత ఉపాధ్యాయుడు లేక బోధన కుంటుబడిన మాట నిజం. తల్లులు తమ శ్రమతో ఏర్పాటు చేసుకున్న తాత్కాలిక బోధనను నేను ప్రభుత్వ బోధనగా చూపించాను. ఇబ్బంది లేదని వారెవరూ నాతో అనలేదు. నిన్న మీ ముందు ఆ మాట కూడా అబద్ధమే చెప్పాను. చివరి వాక్యం రాయడానికి ముందటి వాక్యాలన్నిటికంటే ఎక్కువ సేపు పట్టింది.

స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాను. అధికారిణి రెండుసార్లు చదివింది.

“ఇది ఫైల్‌లో పెడితే మీకు మెమో ఇవ్వక తప్పదు. తెలుసు కదా?”

“తెలుసు మేడమ్.”

“ఆ బజ్జీలామె రాయమందా?”

“లేదు మేడమ్. మా ఆవిడ.”

ఆమె నవ్వు ఆపుకుంటూ సంతకం పెట్టింది. మెమో వచ్చింది. ఇంక్రిమెంటు ఏడాది ఆగింది. మూడు వారాలకు వేరే బడి నుంచి లెక్కల టీచరు ఒకాయన డిప్యుటేషన్ మీద వచ్చాడు. పోస్టు మరుసటి ఏడు తిరిగొచ్చింది.

ఇదంతా సుఖాంతంగా చెప్పి వదిలేయడానికి లేదు. దసరా నుంచి ఆ టీచరు వచ్చేదాకా పోయిన రోజులు తిరిగి రాలేదు. స్వప్న గట్టెక్కింది. కానీ ఆ ఏడు లెక్కల్లో తప్పినవాళ్లలో కనీసం ఒకడు, అంజయ్య అనే పిల్లవాడు, నా సంతకం వల్ల తప్పాడు. సుహాసిని తరగతిలో అందరికంటే ఎక్కువ వాదించేవాడు. మళ్లీ పరీక్ష రాయించడానికి రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. రాయనన్నాడు. వాడి తల్లి వంతు నెలలో నాలుగో ఆదివారం. ఒక్క వంతు కూడా మానలేదు. ఆమె నాకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. ఇంక్రిమెంటు నాకు తిరిగొచ్చింది. వాడికి ఆ ఏడు రాలేదు.

కొత్తగా చేరేవాళ్లకు

తల్లిదండ్రులు బడి కోసం ఏదైనా చేస్తే వాళ్లను మెచ్చుకోండి. ఇంతకంటే మెచ్చుకోదగ్గ పని నా ఉద్యోగంలో నేను చూడలేదు. కానీ వాళ్లు చేసినదాన్ని ప్రభుత్వం చేసినట్టు కాగితం మీద రాయకండి. వాళ్లు మోసిన ప్రతి ఇటుక కిందా, ఇది ప్రభుత్వం మోయవలసింది అని రాయండి. లేకపోతే వాళ్లు ఎంత కష్టపడితే వాళ్ల పిల్లలకు రావలసింది అంత తగ్గుతుంది. కష్టపడినందుకు శిక్ష పడేలా చేసే సంతకం మీదే అవుతుంది. డబ్బున్న పేటల్లోని బడులకు తల్లిదండ్రులు ఏసీలు కూడా పెట్టిస్తారు. మన బడుల్లో తల్లులు తమ ఆదివారాలను ఇస్తారు. వాళ్ల దగ్గర ఇవ్వడానికి అదొక్కటే ఉంది. దాన్ని తీసుకునేటప్పుడు సిగ్గుపడడం నేర్చుకోండి. నేను సిగ్గుపడ్డాను కానీ తప్పు చోట పడ్డాను.

మరుసటి జూలైలో మళ్లీ అదే ఫారం వచ్చింది. ఈసారి ఒక్కణ్నే కూర్చుని నింపడానికి భయమేసింది. యాదమ్మకు కబురు పెట్టాను. స్వప్న అప్పటికే ఇంటర్‌లో చేరింది.

“నా బిడ్డ మీ కాడికెళ్లి పోయె గద సారూ. ఇంక నాతోని ఏం పని?” అంది గుమ్మంలో నిలబడి.

ఫారం నింపాలి, వినడానికి మనిషి కావాలి అన్నాను. ఈసారి ఆమె కుర్చీలో కూర్చుంది. నేను ఒక్కో ప్రశ్న పైకి చదివి, జవాబు పైకి చెబుతూ రాశాను. హిందీ టీచరు: లేరు. పై గదులకు తలుపులు: లేవు. కంప్యూటర్ గదికి కరెంటు: లేదు. ప్రహరీ గోడ: లేదు. ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లు: లేవు. రాస్తూ రాస్తూ నాకు ఊపు వచ్చింది. ఇన్నేళ్లు దాచినదంతా ఒక్కసారి బయటపడుతుంటే ఒకరకమైన సంతోషం. తాగునీటి వసతి అన్న ప్రశ్న దగ్గర కూడా అదే ఊపులో లేదు అన్నాను, రాసేశాను.

యాదమ్మ చెయ్యెత్తి ఆపింది.

“నల్లా ఉంది గద సారూ. మొన్ననే మున్సిపాలిటోళ్లు వేసిన్రు. పిల్లలు తాగుతున్నరు.”

అవునమ్మా, కానీ చాలదు కదా, లేదంటే ఇంకొకటి ఇస్తారేమో అన్నాను.

“ఉన్నదాన్ని లేదంటే, లేనిదాన్ని లేదన్నా నమ్మరు. కొట్టేయుండ్రి.”

నేను ఆ మాట కొట్టేశాను. పక్కన ‘ఉంది’ అని రాసి, దిద్దిన చోట సంతకం పెట్టాను. తర్వాతి ప్రశ్న చదవమని ఆమె తల ఊపింది.